అమ్మకు ఇచ్చిన పండు

ఆదివారం ఆరాధన అయ్యాక పంజాగుట్ట నిమ్స్‌కు పరామర్శకు వెళ్లినవారికి ఈ దృశ్యం కొత్త కాదు. పెద్దాసుపత్రి వార్డుల్లోకి చిన్నపిల్లలను రానివ్వరు కదా, వాళ్లు బయటే ఉండిపోతారు. టిఫిన్ క్యారియర్ల పక్కన, పరచిన దుప్పట్ల మీద, ఎక్స్‌రేల సంచికి కాపలాగా కూర్చుంటారు. పిన్నో అత్తో ఒకరు బిస్కెట్ ప్యాకెట్టు చేతిలో పెట్టి, అమ్మకు తగ్గిపోతుంది, నువ్వు ప్రార్థన చెయ్యి నాన్నా అంటారు. పిల్లలు చేస్తారు. నీ చిత్తమైతే ప్రభువా అని పెద్దవాళ్లం జాగ్రత్తగా చేర్చే మాట వాళ్లకు తెలియదు. అమ్మ ఇంటికి రావాలి, అంతే.

కొందరి అమ్మలు ఇంటికి వస్తారు. కొందరి అమ్మలు రారు. రాని ఇంటి పిల్లవాడు మళ్లీ సండే స్కూలుకు వచ్చి ముందు వరుసలో కూర్చుంటే వాడికి ఏమి చెప్పాలో, ఇన్నేళ్ల పరిచర్య తరువాత కూడా నాకు తెలియదు. ఈ వారం అలాంటి పిల్లవాడి గురించే రాస్తున్నాను. అతడు మన ఊరివాడు కాడు, మన కాలంవాడూ కాడు. 1908లో అతడికి తొమ్మిదేళ్లు. తల్లి కోసం చేసిన ఆ ప్రార్థనను అతడు దాదాపు యాభై ఏళ్ల పాటు మోసుకుని తిరిగి, చివరికి ఒక పిల్లల కథలో దించుకున్నాడు.

అతడి పూర్తి పేరు క్లైవ్ స్టేపుల్స్ లూయిస్. మనం సి.ఎస్. లూయిస్ అంటాం. ఇంట్లో మాత్రం జాక్. నాలుగేళ్లప్పుడు తనకు తానే పెట్టుకున్న పేరది, ఆ తరువాత ఇంకో పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదట. 1898 నవంబర్ 29న ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ పట్టణంలో పుట్టాడు. తండ్రి ఆల్బర్ట్ న్యాయవాది. తల్లి ఫ్లోరా ఒక పాదిరిగారి కుమార్తె. ఆడపిల్లలు కాలేజీ గడప తొక్కడమే అరుదైన ఆ రోజుల్లో గణితం, తర్కం చదివి పట్టా పొందిన తల్లి. కొడుక్కు మొదటి లాటిన్, ఫ్రెంచి పాఠాలు చెప్పింది ఆమే. ఇల్లంతా పుస్తకాలు. హాల్లో పుస్తకాలు, మెట్ల మీద పుస్తకాలు, పై అటకలో పుస్తకాలు. వర్షం విడవని ఆ ఊరిలో జాక్, అన్న వారెన్ ఆ అటకలో కూర్చుని లోకాలు కట్టుకున్నారు. జాక్ కట్టుకున్నది కోటు, బూట్లు వేసుకున్న జంతువుల దేశం. వారెన్ కట్టుకున్న దేశం పేరు ఇండియా! ఓడలూ రైళ్లూ తిరిగే ఆ ఊహల ఇండియాకు మన దేశంతో పేరు తప్ప మరే పోలికా లేదు. రెండు దేశాలనూ కలిపి వాళ్లు బాక్సెన్ అన్నారు. దానికి పటాలు గీశారు, చరిత్ర రాశారు.

1908 మొదట్లో తల్లికి జబ్బు చేసింది. కడుపులో క్యాన్సర్. శస్త్రచికిత్స ఇంట్లోనే జరిగింది. ఒక రాత్రి జాక్‌కు తలనొప్పి, పంటినొప్పి, జ్వరం. అమ్మ రావడం లేదని ఏడుస్తున్నాడు. ఇంటినిండా డాక్టర్లు, తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, వసారాలో గుసగుసలు. చివరికి తండ్రి కన్నీళ్లతో గదిలోకి వచ్చి, ఆ పసివాడికి ఎన్నడూ అర్థం కాని సంగతులు అర్థమయ్యేలా చెప్పబోయాడు. జాక్ ప్రార్థన చేశాడు. తగ్గుతుందని తనకు తాను గట్టిగా చెప్పుకుని, నమ్మి మరీ చేశాడు. ఆగస్టు 23న తల్లి కన్నుమూసింది. ఆ రోజు తండ్రి పుట్టినరోజు. ఆ తరువాత కూడా జాక్ ప్రార్థన మానలేదు. చనిపోయిన తల్లి లేచి రావాలని అడిగాడు. ఆమె లేవలేదు.

నెల తిరగకముందే ఇద్దరు అన్నదమ్ములలాగే తననూ ఓడ ఎక్కించి ఇంగ్లండ్‌లోని ఒక వసతి పాఠశాలకు పంపించారు. ప్రధానోపాధ్యాయుడు పిల్లలను గొడ్డును బాదినట్టు బాదేవాడు, తరువాత అతడికి మతి చలించిందని డాక్టర్లే తేల్చారు. తల్లి పోయింది, దుఃఖంలో ఉన్న తండ్రి దగ్గరకు తీసుకోలేకపోయాడు, ఇల్లు సముద్రానికి అవతల ఉండిపోయింది. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి జాక్ దేవుని నమ్మడం మానేశాడు. తల్లి కోసం చేసిన ప్రార్థన నెరవేరకపోవడం వల్ల తన విశ్వాసం పోలేదని, అప్పుడు తాను దేవుణ్ణి ఒక మాంత్రికుడిగానే చూశానని, మంత్రం పారలేదు కాబట్టి సరిపెట్టుకున్నానని పెద్దయ్యాక ఆయనే రాసుకున్నారు. ఆయన మాటను కాదనడానికి నేనెవరిని? కాని తరువాత ఆయన రాసిన కథలు చదివితే ఆ మాట పూర్తిగా నమ్మాలనిపించదు.

1914లో తండ్రి అతణ్ణి కిర్క్‌పాట్రిక్ అనే ఒక వృద్ధ గురువు ఇంటికి పంపించాడు. మన అమీర్‌పేట భాషలో చెప్పాలంటే కోచింగ్, కాకపోతే ఒకే గురువు, ఒకే విద్యార్థి. ఆ గురువు నాస్తికుడు. వాతావరణం బాగుందని ఊరికే అన్నా ఆధారం ఏమిటని నిలదీసేవాడట. గ్రీకు, లాటిన్, తర్కం మూడూ శిష్యుడికి ఒంటబట్టాయి. బుద్ధి కత్తిలా పదునెక్కింది. అమీర్‌పేట మెట్రో దిగి నాలుగడుగులు వేస్తే గోడలనిండా బోర్డులే కదా, ఈ కోర్సు, ఆ కోర్సు, ముప్పై రోజుల్లో, అరవై రోజుల్లో అని. బుద్ధికి పదును పెట్టే చోటు మన దగ్గరా లేకపోలేదు. లూయిస్‌కు మలుపు మాత్రం కోచింగ్‌లో రాలేదు. 1916 మార్చిలో ఒక సాయంత్రం లెదర్‌హెడ్ రైల్వే స్టేషన్ పుస్తకాల దుకాణంలో పాత పుస్తకం ఒకటి చవగ్గా కొన్నాడు. జార్జ్ మక్‌డొనాల్డ్ అనే స్కాట్లాండ్ బోధకుడు రాసిన ఫాంటాస్టెస్, నిద్ర లేచిన యువకుడి గది అడవిగా మారిపోయే కథ. పేజీలు తిప్పుతుంటే తనకు పేరు తెలియని వెలుగు ఏదో ఆ పుస్తకంలో కనిపించింది. ఆ వెలుగు పేరు పరిశుద్ధత అని చాలా ఏళ్ల తరువాత గుర్తుపట్టారు. అప్పటికి మనసు ఇంకా నాస్తికుడిదే. ఊహ మాత్రం ఆ రాత్రే బాప్తిస్మం పొందిందని ఆయన చెప్పుకునేవారు.

తరువాతి కొన్నేళ్లు త్వరగా చెప్పేస్తాను. ఆక్స్‌ఫర్డ్‌లో చేరాడు, మొదటి ప్రపంచయుద్ధం పిలిచింది, 19వ పుట్టినరోజు నాటికి ఫ్రాన్స్ యుద్ధభూమిలో ఉన్నాడు. 1918 ఏప్రిల్‌లో ఫిరంగి గుండు ముక్కలు ఒంట్లో దిగాయి. తోటి సైనికుడు ప్యాడీ మూర్, ఈయనా ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారు. ఎవరు చనిపోయినా రెండవవాడు వాళ్లింటివాళ్లను చూసుకోవాలి. ప్యాడీ తిరిగి రాలేదు. ఆ తల్లిని లూయిస్ 1951లో ఆమె చనిపోయేవరకూ చూసుకున్నారు. ఆ బంధం గురించి చరిత్రకారులు రకరకాలుగా రాశారు. ముప్పై ఏళ్లకు పైగా మాట నిలుపుకున్నాడన్నది మాత్రం ఎవరూ కాదనలేరు. 1925లో ఆక్స్‌ఫర్డ్ మాడ్లిన్ కళాశాలలో అధ్యాపకుడయ్యారు, అక్కడే 29 ఏళ్లు పాఠం చెప్పారు.

మారుమనస్సు సంగతి మన సాక్ష్యాల కూటాల్లో చెప్పేటంత నాటకీయంగా ఉండదు. మొదట దేవుడున్నాడని మాత్రం ఒప్పుకున్నారు, అదీ ఇష్టం లేకుండా, తప్పించుకునే దారి దొరకక. క్రీస్తు దగ్గర ఆగిపోయారు. 1931 సెప్టెంబర్ 19 రాత్రి టోల్కీన్, హ్యూగో డైసన్ అనే ఇద్దరు స్నేహితులు ఆయనతో కళాశాల తోటలో నడుస్తూ చాలా పొద్దుపోయేవరకు మాట్లాడారు. మాట్లాడుకున్నది రుజువుల గురించి కాదు, కథల గురించి. చనిపోయి తిరిగి లేచే దేవుళ్ల పురాణాలు చదివితే నీ గుండె కదులుతుంది కదా, అదే కథ సువార్తల్లో కనిపిస్తే ఎందుకు మొరాయిస్తావు, ఈ ఒక్క కథ నిజంగా జరిగింది, తేదీ, ఊరు, అధిపతి పేరుతో సహా జరిగింది అన్నది వాళ్ల వాదన. తొమ్మిది రోజుల తరువాత అన్న వారెన్ మోటారు సైకిల్ నడుపుతుంటే పక్కనున్న తొట్టిబండిలో కూర్చుని లూయిస్ జంతుప్రదర్శనశాలకు బయలుదేరారు. బయలుదేరినప్పుడు యేసు దేవుని కుమారుడని నమ్మలేదు, చేరేసరికి నమ్మారు. దారిలో పెద్దగా ఆలోచించిందీ లేదట. మన ఉజ్జీవ కూటాల్లో రెండు గంటలు పిలుపు ఇచ్చేవారు ఒకసారి ఆ తొట్టిబండిని తలుచుకోవాలి.

కొత్త విశ్వాసిగా రాసిన మొదటి పుస్తకం 1933లో వచ్చింది. మన సంఘాల్లో తరతరాలుగా చదువుతున్న బన్యన్ యాత్రికుని ప్రయాణానికి ఎదురు నడకలాంటి పేరు దానికి పెట్టారు. ఆ పుస్తకం కాస్త బరువు, నేను రెండుసార్లు మొదలుపెట్టి ఆపేశాను. అసలు దారి తరువాత దొరికింది. మనకు ఇష్టమైన కథలు ఎవరూ రాయడం లేదు కాబట్టి మనమే రాయాలని టోల్కీన్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. ఒకరు కాలంలో ప్రయాణించే కథ, మరొకరు అంతరిక్షంలో ప్రయాణించే కథ. లూయిస్ వాటాకు అంతరిక్షం వచ్చింది. టోల్కీన్ తన వాటా పూర్తి చేయనేలేదు.

1938లో వచ్చిన ఆ నవల, అవుట్ ఆఫ్ ది సైలెంట్ ప్లానెట్, మన దేశస్థులు ప్రత్యేకంగా చదవదగ్గది. అప్పటికి గ్రహాంతర కథలంటే హెచ్.జి. వెల్స్ పద్ధతి. అంగారకుడి నుంచి రాక్షసులు దిగి భూమిని ఆక్రమిస్తారు. లూయిస్ దాన్ని తలకిందులు చేశారు. ఇద్దరు ఇంగ్లీషువాళ్లు రాన్సమ్ అనే భాషాపండితుణ్ణి ఎత్తుకుని అంగారకుడి మీదికి వెళతారు. ఒకడికి బంగారం కావాలి, రెండవవాడికి మనుషులు కాలు మోపడానికి ఇంకో లోకం కావాలి. అక్కడి ప్రాణులు పాపమెరుగనివి. పడిపోయిన లోకం, మిగిలిన లోకాలకు మాట వినిపించకుండా మూగబోయిన గ్రహం, మనదే. కథ చివర్లో ఆ రెండవవాడు నాగరికత, ప్రగతి అని గంభీరంగా ఉపన్యసిస్తాడు. రాన్సమ్ దాన్ని అక్కడివాళ్ల భాషలోకి ఉన్నదున్నట్టు అనువదించాలి. ఆ సూటి భాషలో పెద్ద మాటలకు సమానమైన పదాలు లేవు. అనువాదం అయ్యేసరికి మిగిలింది దొంగతనం, హత్య. ఇండియాను ఇంగ్లీషువారు ఏలుతున్న రోజుల్లో ఒక ఇంగ్లీషు పండితుడు ఇది రాశాడని గుర్తు పెట్టుకుంటే ఆ పేజీల రుచి వేరు. ఆశ్చర్యం ఏమిటంటే, విమర్శకుల్లో చాలామంది ఆ నవలలో ఆదికాండం ఉందని పోల్చుకోలేకపోయారు. ఎంత సువార్తనైనా కథలో పెట్టి వాళ్లకు తెలియకుండా లోపలికి పంపవచ్చని లూయిస్ అప్పుడే అనుకున్నారు.

1943లో రెండవ నవల పెరెలాండ్రా వచ్చింది. శుక్రగ్రహం మీద తేలే దీవులు, అక్కడ ఇంకా పడిపోని ఒక హవ్వ. ఆమెను శోధించడానికి సాతాను ఒక శాస్త్రవేత్త శరీరంలో దూరి వస్తాడు. రాన్సమ్ రోజుల తరబడి వాదిస్తాడు. వాదనకు వాదన సరిపోతుంది గాని శోధకుడు అలసిపోడు, నిద్రపోడు. చివరికి వాదన కాదు, నీ ఒంటితో ఎదిరించాలి అని రాన్సమ్‌కు తెలిసివస్తుంది. ఆ మధ్యవయసు పండితుడు పిడికిళ్లతో పోరాడి మడమ మీద మానని గాయంతో తిరిగొస్తాడు. ఆదికాండం మూడవ అధ్యాయం తెలిసినవారికి ఆ మడమ గాయం సంగతి వేరే చెప్పనక్కరలేదు. మూడవది 1945 నాటి దట్ హిడియస్ స్ట్రెంగ్త్. పరిశోధన పేరుతో ఊరిని మింగే ఒక సంస్థ కథ, పొడవెక్కువ. మూడింటిలో పెరెలాండ్రాకే నా ఓటు.

యుద్ధకాలంలోనే మరో పని. 1941లో గార్డియన్ అనే ఒక ఆంగ్లికన్ వారపత్రికలో, అంటే ఇప్పుడు మీరు చదువుతున్నలాంటి పత్రికలోనే, వారం వారం 31 ఉత్తరాలు అచ్చయ్యాయి. పెద్ద దయ్యం స్క్రూటేప్ తన మేనల్లుడైన చిన్న దయ్యానికి విశ్వాసిని ఎలా పడగొట్టాలో నేర్పించే ఉత్తరాలు. ఘోరపాపాలు అక్కరలేదు, తల్లి మాటతీరు మీద చిరాకు, పక్క బెంచీలో పాడేవాడి అపశ్రుతి, కూటం ఎప్పుడు అయిపోతుందా అన్న ఆకలి చాలు అంటాడు స్క్రూటేప్. ఒక పల్లెటూరి పాదిరిగారు పత్రికకు చందా ఆపేశారట, ఈ ఉత్తరాల్లోని సలహాలు తప్పుగా ఉండడమే కాక కొన్ని సాతాను సంబంధమైనవిగా ఉన్నాయని! ఉత్తరానికి రెండు పౌండ్ల చొప్పున వచ్చిన పారితోషికం లూయిస్ ముట్టలేదు, దానధర్మాలకు పంపించమన్నారు. తరువాత వచ్చిన పుస్తకాల రాబడిలోనూ ఎక్కువ భాగం అలాగే పోయింది. ఇంట్లో మాత్రం పాత కోటు, కారే కప్పు. ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆయన పొగతాగేవారు, స్నేహితులతో బీరు తాగేవారు. మన సంఘాల్లో చాలావాటిలో ఆయనకు సభ్యత్వం దొరకదు.

రేడియో ప్రసంగాలు దేశమంతా విన్నది. 1947లో అమెరికా టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఆయన బొమ్మ వేశారు. మన యవ్వనస్థులకు తెలిసిన లూయిస్ ఈ లూయిసే, వాదించి గెలిచే లూయిస్. అలాంటి మనిషి యాభై దాటుతుండగా పిల్లల కథలు మొదలుపెట్టారు. పిల్లలు లేని బ్రహ్మచారి. తోటి పండితులు నవ్వుకున్నారు. టోల్కీన్‌కు అసలు నచ్చలేదు. గ్రీకు పురాణంలోని మేకకాళ్ల మనిషి, క్రిస్మస్ తాత, మాట్లాడే ఎలుకలు, అన్నీ ఒకే కుండలో కలిపి వండినట్టుందని ఆయన బాధ. నిజమే, అలాగే ఉంటుంది. కాని పేదరాశి పెద్దమ్మ కథలు, చందమామ చదివి పెరిగినవాళ్లకు ఆ వంట కొత్త కాదు.

నార్నియా మొదలైంది ఒక బొమ్మతో. మంచు కురిసే అడవిలో గొడుగు పట్టుకుని పొట్లాలు మోసుకెళ్లే మేకకాళ్ల మనిషి. పదహారేళ్ల వయసు నుంచీ ఆ బొమ్మ ఆయన తలలో ఉంది. యుద్ధం మొదలైనప్పుడు బాంబుల భయంతో లండన్ నుంచి పంపించిన పిల్లలు ఆయన ఇంట్లో కొన్నాళ్లు ఉన్నారు. కథలోని నలుగురు పిల్లలూ అలా పంపబడినవాళ్లే. చిన్నదైన లూసీ దాగుడుమూతలాడుతూ బట్టల బీరువాలోకి దూరుతుంది, కోట్లు తప్పించుకుంటూ పోతే వెనక చెక్క ఉండదు, కాళ్ల కింద మంచు ఉంటుంది. సింహం ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే తెలియదు. అది వచ్చాక కథనంతా లాక్కుపోయిందన్నారు. ఎప్పుడూ చలికాలమే, క్రిస్మస్ మాత్రం రాని దేశం, ద్రోహం చేసిన ఒక పిల్లవాడు, వాడికి బదులు రాతిబల్ల మీద ప్రాణమిచ్చి తెల్లవారేసరికి లేచిన సింహం. 1950 అక్టోబర్‌లో ఆ పుస్తకం వచ్చింది. ఏటా ఒకటి చొప్పున 1956కల్లా ఏడు వచ్చాయి. ఇప్పటికి పది కోట్లకు పైగా ప్రతులు పోయాయంటారు.

మనలో కొందరికి ఈ కథల మీద అనుమానం ఉంది. మంత్రగత్తె ఉంది కాబట్టి పిల్లలకు ఇవ్వకూడదంటారు. ఏందోరులో కర్ణపిశాచము గల స్త్రీ మన బైబిల్లోనే ఉంది, ఆ అధ్యాయం చింపేయలేదు కదా అని నేను జవాబిస్తుంటాను. అంతకంటే ముఖ్యమైన సంగతి లూయిస్ తన బాల్యం గురించి చెప్పారు. సిలువ కథ వింటున్నప్పుడు నీకు బాధ కలగాలి అని పెద్దవాళ్లు చెప్పినందువల్లే తనకు బాధ కలగకుండా పోయేదట. గొంతు తగ్గించి, చేతులు కట్టించి చెప్పిన సంగతులు ఆసుపత్రిలో మాటల్లా అనిపించేవట. ఆ వాసన లేని చోట, ఎవరూ ఇప్పుడు ఏడవాలి అని చెప్పని చోట, పిల్లలు ఆ సంగతిని కలుసుకోవాలని ఆయన కోరిక. మన వి.బి.ఎస్. పాఠాల్లో కథ అయిన వెంటనే ఈ కథలో నీతి ఏమిటి అని అడుగుతాం చూడండి, ఆయన ఆ ప్రశ్న ఎక్కడా అడగలేదు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ది హార్స్ అండ్ హిజ్ బాయ్‌లో, చివరి పుస్తకంలో శత్రుదేశం వాళ్లు నల్లని ఒంటిఛాయవాళ్లు, తలపాగాలు చుట్టుకున్నవాళ్లు. మన పిల్లలు ఆ పేజీల్లో తమ తాతలను ఏ పక్షాన చూసుకోవాలి? ఆ శత్రువుల్లోనే నిజాయితీపరుడైన ఒక యువకుణ్ణి సింహం తనవాడిగా అంగీకరించడం నాకు కొంత ఊరట. మొత్తం బాకీ మాత్రం తీరలేదు.

అసలు నేను చెప్పదలచినది ఆరవ పుస్తకం గురించి. ది మెజీషియన్స్ నెఫ్యూ, 1955 మేలో వచ్చింది. ఏడింటిలో ఆయనను అన్నిటికంటే ఎక్కువ కాలం ఏడిపించింది ఇదే. మొదటి పుస్తకం అయిన వెంటనే మొదలుపెట్టారు, సాగలేదు, పక్కన పెట్టారు, మళ్లీ తీశారు, అయిదేళ్లకు ముగిసింది. ఎందుకు సాగలేదో కథ చదివితే తెలుస్తుంది. డిగరీ అనే పిల్లవాడి తల్లి మంచం పట్టి చనిపోబోతోంది. ఇంట్లో అందరూ మెల్లగా నడుస్తుంటారు. ఒక మాయ ఉంగరం వల్ల డిగరీ సింహం పాట పాడి నార్నియాను సృష్టిస్తున్న ఘడియకు అక్కడికి చేరతాడు. సింహం అతడికి ఒక పని చెబుతుంది, దూరాన కొండ మీది తోట నుంచి ఒక పండు తేవాలి, తనకోసం కాదు, ఆ దేశాన్ని కాపాడడానికి. తోటలో మంత్రగత్తె ఎదురవుతుంది. పండు నీ దగ్గరే ఉంచుకో, ఇంటికి తీసుకుపో, మీ అమ్మ బతుకుతుంది, ఎవరికి తెలుస్తుంది అంటుంది. ఏదెనులో శోధనకు లేని పదును దీనికి ఉంది. ఇక్కడ పండు తినాలన్నది ఆశ కాదు, ప్రేమ.

దానికి ముందే ఇంకొకటి జరుగుతుంది. అమ్మకు నయం చేసే ఏదైనా ఇవ్వమని డిగరీ సింహాన్ని అడుగుతాడు. ఇచ్చినట్టూ లేదు, ఇవ్వనన్నట్టూ లేదు. అప్పటివరకు సింహం పాదాలనూ గోళ్లనూ మాత్రమే చూస్తున్న పిల్లవాడు తలెత్తి దాని ముఖం చూస్తాడు. సింహం కళ్లలో నీళ్లు. తన దుఃఖం కంటే అమ్మ గురించిన ఆ దుఃఖమే పెద్దదేమో అనిపించేంత పెద్ద కన్నీటి చుక్కలు. 1908లో గుసగుసల ఇంట్లో జ్వరంతో పడుకున్న తొమ్మిదేళ్ల పిల్లవాడికి దొరకనిది ఆ ముఖమే. అప్పుడు అతడు మొరపెట్టుకున్న మాంత్రికుడికి కన్నీళ్లు లేవు.

డిగరీ పండు దొంగిలించడు. తెచ్చి సింహానికి ఇస్తాడు, దాన్ని నాటితే చెట్టు మొలుస్తుంది. అప్పుడు ఆ చెట్టు నుంచి ఒక పండు కోసుకోమని సింహమే చెబుతుంది. అమ్మ తింటుంది. అమ్మ బతుకుతుంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో లూయిస్ ఆత్మకథ కూడా అచ్చయింది. అందులో తల్లి చనిపోతుంది. ఒకే మనిషి, ఒకే సంవత్సరం, రెండు పుస్తకాలు.

ఇక్కడితో ఆపితే కథ బాగుండేది. జీవితం ఆపలేదు. జాయ్ డేవిడ్‌మన్ అనే అమెరికా రచయిత్రి, యూదురాలిగా పుట్టి, కమ్యూనిస్టుగా కొన్నాళ్లుండి, క్రీస్తు దగ్గరకు వచ్చిన మనిషి, ఆయనకు ఉత్తరాలు రాసేది. భర్తతో విడిపోయి ఇద్దరు మగపిల్లలతో ఇంగ్లండ్ వచ్చింది. 1956 ఏప్రిల్‌లో, ఆమెకు దేశంలో ఉండే హక్కు కోసం, లూయిస్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఆమెను వివాహమాడారు. అక్టోబర్‌లో ఆమె కింద పడింది, తొడ ఎముక విరిగింది. పరీక్షిస్తే క్యాన్సర్. 1957 మార్చి 21న ఆసుపత్రి మంచం పక్కన పాదిరి ఒకరు వాళ్లకు క్రైస్తవ వివాహం జరిపించి, ఆమె తల మీద చేతులుంచి ప్రార్థించారు. ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి పన్నెండు, చిన్నవాడికి పదకొండు. అమ్మ బతకాలి. యాభై ఏళ్ల కిందటి సంగతి మళ్లీ అదే రూపంలో ఆయన ముందుకు వచ్చి నిలబడింది, ఈసారి ఆయన తండ్రి స్థానంలో ఉన్నారు.

ఆమె లేచింది. డాక్టర్లు ఆశ్చర్యపోయారు, ఎముక కట్టుకుంది, నడిచింది, ఇల్లు చక్కదిద్దింది. 1960 ఏప్రిల్‌లో ఇద్దరూ గ్రీసు దేశం చూసొచ్చారు. అప్పటికే జబ్బు తిరగబెట్టింది. జులై 13న ఆమె ప్రభువునందు నిద్రించింది. పండు మూడేళ్లే పనిచేసింది.

ఆ తరువాత రాత్రుళ్లు ఆయన ఇంట్లో దొరికిన నోటు పుస్తకాల్లో రాసుకున్నది చదవడానికి గుండెదిటవు కావాలి. దేవుడు తలుపు మూసి లోపల గడియ పెట్టుకున్నాడని రాసుకున్నారు, ఆయన దయగలవాడేనా అని అడిగారు. రేడియోలో దేశానికి శ్రమల గురించి వివరించిన మనిషి! దాన్ని 1961లో మారుపేరుతో అచ్చువేయించారు. రాసింది ఆయనేనని తెలియక, దుఃఖంలో ఉన్న మీకు ఇది పనికొస్తుంది చదవండి అని కొందరు స్నేహితులు ఆయనకే ఆ పుస్తకం ఇచ్చారట. ఆ పుస్తకం చివరికి వచ్చేసరికి గొంతు మారుతుంది. జవాబు దొరికినందువల్ల కాదు. జవాబు లేదన్నది మూసిన తలుపులా కాక, జాలిగా తల అడ్డంగా ఊపే ఒక ముఖంలా కనిపించడం మొదలైంది. ఆ ముఖం మనకు కొత్తది కాదు, డిగరీ తలెత్తి చూసింది దాన్నే.

పిల్లల ఉత్తరాలకు మాత్రం జవాబు ఎన్నడూ ఆపలేదు. చేతిరాతతో, ఒక్కొక్కరికీ విడివిడిగా రాసేవారు. అమెరికాలో తొమ్మిదేళ్ల పిల్లవాడు తాను యేసుకంటే సింహాన్నే ఎక్కువ ప్రేమిస్తున్నానేమో, ఇది విగ్రహారాధనేమో అని భయపడుతున్నాడని 1955లో ఒక తల్లి రాసింది. వాడు సింహంలో ప్రేమిస్తున్న సంగతులన్నీ యేసు చేసినవీ చెప్పినవే కాబట్టి భయపడనక్కరలేదని లూయిస్ పది రోజుల్లోనే వివరంగా జవాబు పంపించారు. వాడు తన కోసం ప్రార్థన చేసేటట్లయితే ఎలా చేయాలో కూడా అందులో సరదాగా రాశారు.

1963 నవంబర్ 22 శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు వారెన్ తమ్ముడి గదికి టీ తీసుకెళ్లాడు. అయిదున్నరకు ఏదో పడిన చప్పుడు. వెళ్లేసరికి జాక్ మంచం పక్కన పడి ఉన్నారు, కొద్ది నిమిషాల్లో వెళ్లిపోయారు. ఇంకో వారం ఉంటే 65 ఏళ్లు నిండేవి. అదే రోజు అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరగడంతో ఈ మరణవార్త ఎవరికీ పట్టలేదు. తమ పేట చర్చి ఆవరణలోనే సమాధి చేశారు, మట్టి చేయడానికి వచ్చినవాళ్లు కొద్దిమందే.

సమాధి రాయి మీద వారెన్ ఒక వాక్యం చెక్కించాడు. బైబిల్ వాక్యం కాదు, షేక్‌స్పియర్ నాటకంలోది. 1908 ఆగస్టు 23న, వాళ్ల అమ్మ చనిపోయిన రోజున, ఆ ఇంట్లోని క్యాలెండర్ కాగితం మీద అచ్చయి ఉన్న మాట అది. పదేళ్ల తరువాత వారెన్‌ను కూడా అదే రాతి కింద పడుకోబెట్టారు.